తవుడు పోసి కొన్న పేరు

ఒమన్ వెళ్లొచ్చానంటే మా బడి స్టాఫ్ రూములో అందరూ అడిగేవి రెండే. బంగారం తులం ఎంత, ఒంటె ఎక్కావా అని. బంగారం నేను కొనలేదు. ఒంటె ఒకటి రోడ్డు పక్కన నిలబడి, మా హెడ్మాస్టరు సెలవు చీటీని చూసినట్టు నన్నొకసారి చూసి మొహం తిప్పుకుంది. ఎక్కాలన్న సరదా అక్కడే తీరింది. నేను తెచ్చుకున్నవి ఒక హల్వా డబ్బా, రెండు కిలోల ఖర్జూరాలు, ఒక చైనా ఇంజనీరు ముద్దుపేరు. హల్వా అయిపోయింది, ఖర్జూరాలు పంచేశాను. మిగిలిన దాని గురించి ఇది.

నా పేరు రాజేశ్వరి. జగిత్యాలలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా తమ్ముడు పెంటయ్య పదకొండేళ్ల కింద మేస్త్రీగా ఒమన్ వెళ్లి ఇప్పుడు ఫోర్‌మన్ అయ్యాడు. "అక్కా, ఒక్కసారి వచ్చి చూసిపో" అని తొంభై నాలుగులో వీసా పంపితే, దసరా సెలవులకు ఇంకో వారం అతికించుకుని బయల్దేరాను. తమ్ముడి ప్రేమకు మురిసిపోతూ విమానం ఎక్కాను. ఆ మురిపెం ఎంతసేపు నిలిచిందో ముందుముందు మీకే తెలుస్తుంది.

సీబు విమానాశ్రయం

దిగగానే మొదటి పరీక్ష. తెల్లటి పొడుగు చొక్కా, తలకు పూల టోపీ పెట్టుకున్న అధికారి నా కాగితాలు తిప్పుతూ మర్యాదగానే అడిగాడు, భర్త పేరేమిటని.

ఇరవై మూడేళ్ల కాపురంలో మా ఆయన పేరు నా నోట రాలేదు. మా అత్తగారికి ఆ పట్టింపు ఎక్కువ. ఆవిడ పోయినా అలవాటు పోలేదు. వేల మైళ్ల సముద్ర మార్గాల గురించి పిల్లలకు గడగడా చెప్పేదాన్ని, అక్కడ నాలుక మడతపడి నిలబడ్డాను. చివరికి ఫారం మీద రాసిన చోట వేలు పెట్టి చూపించాను. అతను చదివి, పైకి పలికి, సరేనా అన్నట్టు చూశాడు. తలూపాను. నా వెనక వరుసలో ఉన్న మలయాళీ నర్సమ్మ నేను మూగదాన్ననుకుని నా సంచీ మోసిపెట్టింది. నేనూ వద్దనలేదు.

అల్ మవాలే

తమ్ముడు కంపెనీ పికప్ తెచ్చాడు. నడిపేది మస్తాన్ వలీ, కడప మనిషి. అల్ మవాలేలో మస్తాన్ రూముకు తీసుకెళ్లారు. కింద అంగడి, పైన రెండు గదులు. పక్క హోటల్లో చాయ్ యాభై బైసాలు. వెయ్యి బైసాలైతే ఒక రియాలు. మన రూపాయల్లోకి మార్చి చూస్తే నాలుగు రూపాయల చాయ్! జగిత్యాలలో రూపాయికి వస్తుంది. మార్చడం మానేస్తే తప్ప అక్కడ గుక్క దిగదు.

మస్తాన్ గుమ్మంలోంచి కేకేశాడు. "ప్రేమ్ భాయ్, అక్కకు పరోటా చెప్పేదా, అన్నమా?"

నేను చుట్టూ చూశాను. గదిలో ఉన్నది నేనూ మా తమ్ముడూ.

"ప్రేమ్ ఎవరురా?"

తమ్ముడు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. చూడ్డానికి ఇంకేమీ దొరక్క చివరికి నా వైపు చూశాడు.

"నేనే అక్కా. ప్రేమ్ కుమార్. ఇంకా కాయితాల మీద కాలే. పాస్‌పోర్ట్ కొత్తది తీసుకునేదుంది గద, గప్పుడే మార్పిద్దామని. గీ రెండు పేర్లు ఒక్క మనిషియే అని ఇంట్ల పెద్దోళ్లు సంతకం చెయ్యాలంటున్నరు. అమ్మ బాపు లేరు. ఉన్నది నువ్వే."

"గందుకేనా నన్ను పిలిపించినవ్?"

"గందుకే అని కాదు…"

"మరెందుకు? ఒంటెను చూడనీకా?"

నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముప్పై ఎనిమిదేళ్లు వెనక్కి వెళ్లాలి. నా తర్వాత మా అమ్మకు ఇద్దరు పుట్టి, పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టినప్పుడు మా ఊళ్లో అందరూ చేసేదే చేశారు. బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. ఇది పనికిరాదని పారేశామని మృత్యువును నమ్మించడానికన్నమాట. కుమ్మరి లచ్చవ్వ దారిన పోతున్నట్టు పోయి, "అయ్యో, ఎవరిదో బిడ్డ!" అని ఎత్తుకుంది. ఇప్పుడు ఆ బిడ్డ ఆమెది. ఆమె దగ్గర తవుడిచ్చి కొనుక్కోవాలి. అమ్మ పురిటిగది దాటకూడదు కనుక ఏడేళ్ల నన్ను పంపారు. పావడా ఒడి నిండా తవుడు పోసుకుని, దారంతా ఒలకబోసుకుంటూ పోయి కొన్నాను. లచ్చవ్వ బేరం కూడా ఆడింది. "గింతేనా? పిలగాడు బంగారమసోంటోడు" అంది. నేను ఏడుపు మొహంతో, "ఇంట్ల గింతే ఉంది" అన్నాను. బిడ్డను నా చేతుల్లో పెట్టింది. పెంట మీద దొరికాడు కాబట్టి పెంటయ్య. బతికాడు.

అలాంటి పేరును తీసి పారేసి, సినిమా పోస్టర్ మీది పేరు పెట్టుకుంటాడట. దానికి నా చేత సంతకమట!

"చెయ్య," అన్నాను. పరోటా తిన్నాను గానీ, రుచి తెలియలేదు.

బర్కా

తమ్ముడి సైట్ ఉన్న ఇబ్రికి నేరుగా పోవచ్చు. కానీ మస్తాన్‌కు బర్కాలో ఒక ఖర్జూరం తోట యజమానితో పని ఉంది, ముందు అటు తిప్పాడు. సముద్రం పక్కన తోటలు, మధ్యలో అల్లం ముక్కలా వంకరటింకర దారులు. మా కోనసీమ టీచరమ్మ ఒకావిడ కొబ్బరితోటల గురించి గొప్పలు చెబుతుంది. బర్కాకు తీసుకొచ్చి చూపించాలనిపించింది.

యజమాని పెద్దాయన. చాప పరిచి ఖర్జూరాలు, కహ్వా పెట్టాడు. చిన్న పింగాణీ గిన్నెలో ఏలకుల వాసన వేసే చేదు కాఫీ. తాగి గిన్నె కింద పెడితే మళ్లీ పోస్తాడు. పోసిందల్లా తాగకపోతే తప్పు అనుకుని ఆరు గిన్నెలు లాగించాను. ఏడోదానికి నా గుండె డప్పు కొడుతుంటే మస్తాన్ చెవిలో చెప్పాడు, "అక్కా, సాలంటే గిన్నెను ఇట్ల ఆడించల్ల. ల్యాకుంటే పొద్దుగూకేదాకా పోస్తానే ఉంటాడు." ముందే చెబితే నీ సొమ్మేం పోయిందిరా?

పెద్దాయన నా పేరడిగాడు. చెప్పాను. మీ నాన్న పేరు? చెప్పాను. తాత? చెప్పాను. ఆయన తండ్రి? ఆగిపోయాను. ఆయన తన పేరు చెప్పడం మొదలుపెట్టి, ఫలానావాడి కొడుకు, ఫలానావాడి కొడుకు అంటూ ఏడు తరాలు వేళ్ల మీద లెక్కపెట్టి, తెగ పేరుతో ముగించాడు. మా సోషల్ పుస్తకంలో రాజవంశాలు కూడా అంత శుభ్రంగా ఉండవు. అక్కడ ఆడవాళ్లకు పెళ్లయినా పేరు మారదట. చచ్చేదాకా తండ్రి కూతురే. నాకు నచ్చింది.

తర్వాత తమ్ముడి పేరడిగాడు. అలవాటు కొద్దీ వాడి నోట అసలు పేరే వచ్చింది. "అర్థం?" అన్నాడు పెద్దాయన. ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. మస్తాన్ గొంతు సవరించుకుని అరబ్బీలో ఏదో చెప్పాడు. పెద్దాయన మొహం వెలిగింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపాడు. వచ్చేటప్పుడు వాడికి మాత్రం ఇంకో సంచి ఖర్జూరాలు ఇచ్చాడు.

పికప్ ఎక్కాక అడిగాను, ఏం చెప్పావని.

"ఉన్నదే చెప్పినాక్కా. ఎరువు అని చెప్పినా. తోట మనిషి గదా. ఎరువు ల్యాకుంటే ఖర్జూరం యాడిది అన్నాడు. మంచి పేరంట."

నేను విజయగర్వంతో తమ్ముడి వైపు చూశాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఇబ్రి

ఇబ్రి లోపలి ఊరు. చుట్టూ బూడిదరంగు కొండలు, పాత కోట, దాని పక్కన సంత. మేకలు అమ్మేవాళ్లు మేకను పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు, కొనేవాళ్లు కూర్చుంటారు. మన దగ్గర మేక నిలబడుతుంది, మనం తిరుగుతాం.

సెలవు మీద పోయిన టైమ్‌కీపర్ ఫ్యామిలీ రూము నాకు ఇచ్చారు. సైట్‌లో తమ్ముడికి మంచి గౌరవం. మలయాళీలు, పఠాన్లు, బంగ్లా వాళ్లు "పెంటయ్యా సాబ్" అని ఎంతో మర్యాదగా పిలుస్తారు. వాళ్లకది ఏ రామయ్యో, సోమయ్యో అయినట్టే. తెలుగువాళ్ల దగ్గరే చిక్కు. మనవాళ్లు పిలిచేటప్పుడు మొదటి రెండక్షరాల దగ్గర కాస్త ఆగుతారు, మిగతాది ముక్కు మూసుకుని పలుకుతారు. ఒక్క రోజులో నాకు తెలిసిపోయింది. అయినా బెట్టు వదల్లేదు.

అక్కడే వాంగ్ గారు పరిచయమయ్యారు. బోర్లు వేసే పని మీద చైనా నుంచి వచ్చిన ఇంజనీరు, నలభై అయిదేళ్లు, గుండ్రటి కళ్లద్దాలు. ఎప్పుడూ చేతిలో ఒక జామ్ సీసా ఉంటుంది, అందులో వేడినీళ్లు, తేలుతూ చాయ్ ఆకులు. మా తమ్ముడూ ఆయనా దోస్తులు. ఆయన మాట్లాడేది సగం ఇంగ్లీషు, సగం సైట్ హిందీ. నేను తెలుగులో రాస్తున్నాను.

పేర్ల మీద మా మాటలు ఎయిర్‌పోర్టులో నేను పడ్డ తిప్పలతో మొదలయ్యాయి. భార్య భర్త పేరు పలకదంటే ఆయన సీసా కింద పెట్టి నవ్వారు.

"మా దేశంలో ఒక్కడి పేరే అలా పలకకూడదు. చక్రవర్తి పేరు. పలకడం కాదు, రాయడం కూడా నేరం. ఆయన పేరులోని అక్షరం మీ పేరులో ఉంటే మీరే మార్చుకోవాలి. మీ దగ్గర ఇంటికొక చక్రవర్తి అన్నమాట."

మా ఆయనకు ఈ సంగతి చెప్పదల్చుకోలేదు.

వాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుందట. ఆ మాట విని నాకు మేనమామ దొరికినట్టయింది. కంపెనీ రిజిస్టర్లో ఆయనకూ మా తమ్ముడికీ ముందుది వెనక్కి, వెనకది ముందుకు రాశారట. వాంగ్ అంటే రాజు అని అర్థమట. ఊరికి నాలుగు వందల మంది రాజులు ఉంటారు, మేం పట్టించుకోం అన్నారు.

"మొదటి చక్రవర్తి మా ఇంటిపేరును కాదన్నాడు. ఆరు దేశాలను గెలిచాడు. ఓడినవాళ్లందరూ రాజులే. ఇక నేను కూడా రాజునేనా అన్నాడు. పాతకాలపు దేవుళ్లలాంటి పాలకులకు వాడే మాటలు రెండు తీసి, హువాంగ్, దీ అని కలిపి పెట్టుకున్నాడు. అదీ చాల్లేదు. 'నేను' అనడానికి అప్పటిదాకా అందరూ వాడే మాటొకటి ఉండేది, జెన్ అని. ఇకమీద అది నాదొక్కడిదే అన్నాడు."

"నేను అనే మాటనే తీసుకున్నాడా?"

"తీసుకున్నాడు. తను మొదటివాడు, తర్వాత రెండో, మూడో, అలా పదివేల తరాలు అని లెక్క రాసుకున్నాడు. రెండోవాడి తర్వాతే అంతా కూలింది."

మా హెడ్మాస్టరు గుర్తొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాను. మా బడి సర్క్యులర్లలో కూడా 'నేను' అన్న మాట ఆయనొక్కడిదే.

"మరి రాజుగారూ, మీ పేరుకు అర్థమేమిటి?" అన్నాను.

"కాగితం మీది పేరుకు అర్థం, దేశాన్ని నిర్మించు. నేను పుట్టిన ఏడు చాలామందికి అదే పెట్టారు. కానీ అంతకుముందు ఒకటుంది. మేం పాలపేరు అంటాం. నాది గౌషెంగ్. కుక్క కూడా తినకుండా వదిలేసింది అని. మా అక్క తర్వాత, నాకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదు. మంచి పేరు పెడితే చావు చూపు పడుతుందని."

నేను లేచి నిలబడ్డాను. నిజంగానే లేచాను. పెంటకుప్పకూ కుక్క వదిలేసిన ముద్దకూ మధ్య ఎన్ని వేల మైళ్లు! అక్కడి తల్లీ మా తల్లీ ఒకే ఉపాయం పన్నారు. చావును మోసం చెయ్యడానికి బిడ్డను తక్కువ చేసి చెప్పారు. తమ్ముడి వైపు తిరిగాను.

"విన్నవారా? ఆయన ఎట్ల చెప్పుకుంటున్నడో చూడు. నీకే ఎందుకింత సిగ్గు?"

వాంగ్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "లేదు మేడం. ఆ పేరు నా పాస్‌పోర్టులో లేదు. బడికి పోయే రోజే నాకు పెద్దపేరు పెట్టారు. పాలపేరు ఇంట్లోవాళ్లకే. బయటివాళ్ల చేతికిస్తే అది రాయి అవుతుంది, తీసి విసురుతారు."

"ఇప్పుడెవరు పిలుస్తారు మిమ్మల్ని అలా?"

"మా అక్క పిలిచేది," అన్నారు ఆయన. "నేను ఇక్కడికి రావడానికి ఏడాది ముందు పోయింది."

సీసా మూత బిగించుకుని డ్యూటీకి వెళ్లిపోయారు.

మంజుల ఉత్తరం

మర్నాడు శుక్రవారం, సైట్‌కు సెలవు. తమ్ముడు చేపల కూర వండాడు. వాడి కూరలో చింతపండు ఎక్కువైంది, నేను అనలేదు. తిన్నాక సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చాడు. మంజుల రాసింది. మంజుల వాడి కూతురు, నా దగ్గరే చదువుతుంది, పదో తరగతి.

"నాన్నా, నువ్వు పేరు మార్చుకుంటవా? ప్రేమ్ కుమార్ బాగుంటది. అత్తమ్మ నామినల్ రోల్ చదివింది. తండ్రి పేరు గట్టిగ చదివింది. అందరు నవ్విండ్రు. ఇప్పుడు నన్ను చూస్తె ముక్కు మూసుకుంటున్నరు. అత్తమ్మకు చెప్పకు."

పరీక్షకు పంపే పేర్ల పట్టీ అది. తప్పులుంటే దిద్దుకోవడానికి తరగతిలో పైకి చదువుతాం. నాకు బాగా గుర్తుంది. మంజుల దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాను. మా తమ్ముడు కదా, ఫోర్‌మన్ కదా అని గర్వం. వెనక బెంచీలో నవ్వు వినపడింది. ఇంకెందుకో నవ్వుతున్నారనుకుని, డస్టర్‌తో బల్ల మీద కొట్టి తర్వాతి పేరు చదివాను. ఇరవై ఏళ్లుగా పుల్లయ్యలనీ, తవిటమ్మలనీ అలాగే గట్టిగా చదువుతున్నాను. ఆ పిల్లలు ఎలా తల వంచుకునేవారో ఇప్పుడు ఒక్కొక్కరే కళ్ల ముందుకొచ్చారు. రాయి విసిరింది నేనే.

"నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు బాధపడ్తవని."

"నామీద కోపం రాలేదా?"

"నీమీదనా?" వాడు నవ్వాడు. "నువ్వు కొనకపోతే నేనేడున్న అక్కా."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. చేపల కూర ఘాటు అని చెప్పాను.

ఇబ్రి నుంచి బయల్దేరే రోజు వాంగ్ గారు పికప్ దాకా వచ్చారు. నాకొక చాయ్ పొట్లం ఇచ్చి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఒక చిన్న పని చేసిపెట్టమన్నారు. "మీరు అక్క కదా. ఒక్కసారి పిలవండి."

అర్థమైంది. వయసులో ఆయనా నేనూ ఒకటే, అయినా అక్క అంటే అక్కే. బర్రెదూడను ఇంటికి పిలిచినంత గట్టిగా పిలిచాను, "గౌషెంగ్!"

ఆయన వాళ్ల భాషలో ఏదో జవాబిచ్చారు. వస్తున్నా అని అయి ఉంటుంది. చిన్నప్పుడు ఎవరైనా అంతకంటే ఏమంటారు? పికప్ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు.

రూవి

మస్కట్‌లో రూవి మన ఆబిడ్స్ లాంటిది. చీరలు, క్యాసెట్లు, దోసెలు, అన్నీ దొరుకుతాయి. మసాలా దోసె మూడు వందల బైసాలు, రూపాయల్లోకి మార్చకుండా తిన్నాను. టైపింగ్ అంగడిలో కాగితం తయారుచేశారు. పెంటయ్య అనే వ్యక్తి, ప్రేమ్ కుమార్ అనే వ్యక్తి ఒక్కరే అని నేను ధ్రువీకరించాలి.

తమ్ముడు పెన్ను అందించి, "నీకు ఇష్టం లేకుంటే వద్దక్కా," అన్నాడు.

"నోర్మూసుకో," అన్నాను, అక్కను కదా. సంతకం చేశాను. పేరు వాడిని బతికించడానికి పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్లు కాపలా కాసింది. ఇక ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకోనీ. వచ్చాక బడిలో ఒక పని మొదలుపెట్టాను. నామినల్ రోల్ ఇప్పుడు పైకి చదవను. ఒక్కొక్క పిల్లనూ బల్ల దగ్గరికి పిలిచి, తనకొక్కదానికే వినపడేట్టు అడుగుతాను.

మళ్లీ సీబు

తిరుగు ప్రయాణానికి లైను పొడుగ్గా ఉంది. సగం మంది మనవాళ్లే. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలు. టేప్ రికార్డర్లు, కంబళ్లు, తాళ్లు కట్టిన అట్టపెట్టెలు. తమ్ముడు నా సంచులు లైన్లో పెట్టించి, కళ్లు తుడుచుకుని గబగబా వెళ్లిపోయాడు. వాడు అద్దాల తలుపు దగ్గరికి చేరాక చూసుకున్నాను. హల్వా డబ్బా వాడి చంకలోనే ఉంది.

ఇంతమంది తెలుగువాళ్లు ఉన్నారు. జాగ్రత్తపడ్డాను. మొదటిసారి ఆ కొత్త పేరు నోట్లోకి తెచ్చుకున్నాను.

"ప్రేమ్ కుమార్!"

తిరగలేదు.

"ప్రేమ్ కుమార్! ఓ ప్రేమ్ కుమార్!"

లైన్లోంచి వేరే ప్రేమ్ కుమార్ ఒకతను, "ఏందమ్మా?" అని వచ్చాడు. మా వాడు మాత్రం తలుపు తోసుకుని పోతున్నాడు. ఇంకేం చెయ్యను? లచ్చవ్వ దగ్గర కొన్న పేరుతో, ఊరవతల చెరకు తోట దాకా వినపడే గొంతుతో అరిచాను.

"ఓ పెంటా!"

లైనంతా తిరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు కూడా. నేను నాలుక కరుచుకున్నాను.

వాడు ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఆ నవ్వుతున్నవాళ్లందరి మధ్య నుంచి, చంకలో హల్వా డబ్బాతో, "వస్తున్న అక్కా!" అని నాకంటే గట్టిగా అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు.